జనవరి తీర్మానాలు సంక్రాంతికే ఎందుకు ఆగిపోతున్నాయి?

ప్రశ్న: నా వయసు 36. ఉండేది తిరుపతిలో. గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను. జీతం 14 వేలు. ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా డ్యూటీ, మంగళవారం సెలవు. ఇద్దరు పిల్లలు. ప్రతి జనవరి ఒకటిన డైరీలో రాసుకుంటాను: 76 కిలోల నుంచి 60కి తగ్గాలి, నాలుగింటికి లేచి ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీకి చదవాలి, నెలకు 5 వేలు దాచాలి, ఫోన్ మానేయాలి. సంక్రాంతికల్లా అన్నీ ఆగిపోతాయి. 'మళ్లా మొదలుపెట్టినావా? ఈతూరి ఎన్ని దినాలో!' అని మా ఆయన నవ్వుతారు. ఒక పెళ్లిలో మా ఆడపడుచు నా ఒళ్లు గురించి అందరి ముందూ అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. రాత్రి మోటివేషన్ వీడియోలు చూస్తాను, తెల్లారితే ఆ ఊపు ఉండదు. సోషల్‌తో బీఈడీ చేశాను, 2018లో టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో 97 మార్కులు వచ్చాయి. సెలవు రోజు సాయంత్రం పక్కింటి పిల్లలకు మ్యాపులు గీసి పాఠం చెబుతుంటే మాత్రం టైమే తెలీదు. నాకు పట్టుదల లేదంటారా?

జవాబు: మీరు ఆఖర్న అడిగిన ప్రశ్న కన్నా దానికి ముందు రాసిన మ్యాపుల మాట ముఖ్యం. మీరు రాసినవాటన్నిటిలో మీ సొంతానిది అదొక్కటే కనిపిస్తోంది. బరువు ఆడపడుచు మాట వల్ల వచ్చింది. ఫోన్ సంగతి బహుశా మీ ఆయన సణుగుడు వల్ల. సిగ్గుతో, భయంతో పెట్టుకున్న లక్ష్యం వారం పది రోజులు బాగానే పరిగెత్తిస్తుంది. ఆ మంట చల్లారగానే నిలిచిపోతుంది. డెసీ, రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే: బయటి ఒత్తిడితో చేసే పని కన్నా మనకు విలువైనదని చేసే పని ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒక కాగితం తీసుకుని ఒక్కో తీర్మానం కింద రెండు జవాబులు రాయండి. ఇది జరిగితే నా మామూలు మంగళవారంలో ఏం మారుతుంది? జరగకపోతే ముందు ఎవరి మొహం గుర్తొస్తుంది? రెండో దానికి మీ మొహం కాక ఇంకొకరి మొహం వస్తే ఆ తీర్మానాన్ని పక్కన పెట్టండి, లేదా మీ కారణంతో తిరగ రాయండి. ఉదాహరణకు '60 కిలోలు' కొట్టేసి 'పిల్లలతో శ్రీవారి మెట్టు ఎక్కాలి' అని రాయొచ్చు. 2,388 మెట్లు. రోజూ షాపు నుంచి వచ్చేటప్పుడు పావుగంట నడకతో మొదలుపెట్టినా అటువైపే వెళ్తున్నట్టు.

డీఎస్సీ దగ్గర కాస్త నిజాయితీగా తేల్చుకోండి. మీకు కావలసింది పాఠం చెప్పడమా, ప్రభుత్వ ఉద్యోగమా? రెండూ అయితే మంచిదే. భద్రత కోసమే అయినా తప్పేం లేదు. పాఠం చెప్పడమే ముఖ్యమైతే ట్యూషన్ ఈ నెలలోనే మొదలవుతుంది, నోటిఫికేషన్ కోసం ఆగక్కర్లేదు.

ఉద్యోగం కూడా కావాలంటే లెక్క చూద్దాం. టెట్‌కు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. 150కి మీ 97 అంటే 20కి దాదాపు 12.9. టెట్ మళ్లీ రాసి 112 తెచ్చుకుంటే మెరిట్‌లో సరిగ్గా 2 మార్కులు కలుస్తాయి. స్కూల్ అసిస్టెంట్ పోటీలో అది చిన్న తేడా కాదు. సోషల్ వాళ్ల టెట్‌లో సోషల్‌కే 60 మార్కులు. శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్ తలా 30. పాత మార్కుల మెమో ముందు పెట్టుకుని ఎక్కడ పోయాయో చూడండి. సొంత సబ్జెక్టులో కాక ఇంగ్లిష్‌లోనో శిశు వికాసంలోనో పోయి ఉండొచ్చు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి. తర్వాతది ఎప్పుడన్నది మన చేతిలో లేదు, కాబట్టి లక్ష్యాన్ని తేదీకి కాదు, పాఠాలకు కట్టండి.

ఇక నాలుగింటికి లేవడం. షాపు నుంచి వచ్చి వంట, గిన్నెలు అయ్యాక పదకొండున్నరకు పడుకునే మనిషి నాలుగింటికి లేస్తే నిద్ర నాలుగున్నర గంటలే. నాలుగో రోజుకు ఒళ్లు ఎదురు తిరుగుతుంది. దాన్ని పట్టుదల ఖాతాలో వేసుకోవద్దు. పిల్లల స్కూల్ ఆటో వెళ్లాక, మీరు షాపుకు బయల్దేరే లోపు కాస్త ఖాళీ ఉంటుంది కదా, అది వాడండి. తీర్మానం ఇలా రాయండి: 'ఆటో మలుపు తిరగగానే తలుపు వేసి, టేబుల్ మీద తెరిచి పెట్టిన పుస్తకంలో పది బిట్లు చేస్తాను.' పుస్తకం రాత్రే తెరిచి, పెన్ను అందులో పెట్టాలి. 'ఇది జరగగానే అది చేస్తాను' అని ముందే ముడివేస్తే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. పది బిట్లకు ఇరవై నిమిషాలు. ఒంట్లో బాగాలేని రోజు రెండే చేయండి, సున్నా మాత్రం వద్దు. మంగళవారం పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు రెండు గంటలు.

21 రోజుల్లో అలవాటవుతుందన్న మాట నమ్మకండి. లండన్‌లో 96 మందిపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే తేలింది. మిమ్మల్ని ముంచేది ఆ ఒక్క రోజు కాదు, 'ఎటూ పాడైంది కదా' అనుకుని వదిలేసిన మిగతా నెల. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సెలవని డైరీలో ఇప్పుడే రాసేయండి. స్కూల్ తెరిచిన రోజు ఆటో మలుపు తిరగగానే మళ్లీ పుస్తకం.

డబ్బుకు ఒక్క మాట చాలు. 14 వేల జీతంలో 5 వేలు దాస్తే ఇరయ్యో తేదీకి మళ్లీ తీయాల్సి వస్తుంది. జీతం పడిన మర్నాడే వెయ్యి రూపాయలు ఆర్‌డీకి వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి. ఫోన్ మానేయక్కర్లేదు, రాత్రి ఛార్జర్‌ను హాల్లో పెడితే ఆ వీడియోలు వాటంతటవే తగ్గుతాయి.

మీ ఆయనకు ఈసారి తీర్మానాలేవీ ప్రకటించకండి. ఒక్క సాయం అడగండి: 'ఏమండీ, పొద్దున పిల్లలు వెళ్లినాక అరగంట నన్ను పిలవొద్దు, టిఫిన్ మీరే పెట్టుకోండి.' ఆయన నవ్వినా సరే, ఒప్పుకుంటే చాలు.

ఈలోగా ఒకసారి డాక్టర్‌ను కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. ఆ నీరసం చూసి బద్ధకం అనుకునేవాళ్లు చాలామంది. రిపోర్టులు బాగున్నా రెండు వారాలకు పైగా దేనిమీదా, చివరికి ఆ మ్యాపుల మీద కూడా మనసు పోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.