విజయవాడలో కొత్తగా ఉద్యోగం. తక్కువ ఖర్చులో ఆఫీసు బట్టలు ఎక్కడ కొనాలి? శని ఆదివారాలు ఒక్కదాన్నే ఎక్కడికి వెళ్లొచ్చు?

జీతం 18 వేలు, అందులో 7 వేలు హాస్టల్‌కే పోతాయి, ఆఫీసుకు వేసుకోవడానికి నాలుగు జతలే ఉన్నాయి, ఆదివారం వస్తే గదిలో పడుకోవడం తప్ప ఏమీ తోచదు అని రాశారు. తెనాలి నుంచి వచ్చి గవర్నర్‌పేటలో హాస్టల్‌లో చేరిన కొత్తలో నాదీ ఇదే పరిస్థితి. ఇది నాకు ఇక్కడ నాలుగో సంవత్సరం. నా సలహా ఒక్కటే. బట్టలకు ఒక రోజు, తిరగడానికి ఒక రోజు అని విడివిడిగా పెట్టుకోకండి. మన చుట్టుపక్కల బట్ట నేసే ఊళ్లున్నాయి, బట్ట మీద అచ్చు వేసే ఊళ్లున్నాయి. బట్ట కోసం బయల్దేరితే షికారు కూడా అందులోనే అయిపోతుంది.

ముందు నేను పోగొట్టుకున్న డబ్బు సంగతి చెబుతాను. మొదటి జీతం రాగానే ఒక షాపులో మూడు కుర్తీలు వెయ్యి రూపాయలంటే కొనేశాను. నల్లది మొదటి ఉతుకులోనే రంగు వదిలేసి, అదే బకెట్‌లో ఉన్న తెల్ల లెగ్గింగ్‌ని పాడుచేసింది. ఇంకోటి బస్సులో పై రాడ్ పట్టుకోగానే చంక దగ్గర పర్రున చిరిగింది. సాయంత్రం దాకా చున్నీ కప్పుకుని కూర్చున్నాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. రాత్రి గదికొచ్చి తిరగేసి చూస్తే, లోపల కుట్టుకు వదిలిన బట్ట గోరంత కూడా లేదు. అప్పటి నుంచి రెడీమేడ్ ఏది కొన్నా ముందు లోపలి వైపు తిప్పి చూస్తాను. పక్క కుట్టు దగ్గర ఒక వేలు వెడల్పైనా బట్ట వదలాలి. అంచులు ఓవర్‌లాక్ చేసి, అంటే దారాలు ఊడకుండా మిషన్‌తో చుట్టి కుట్టి ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడే పెట్టేయండి.

అందుకే నేను ఇప్పుడు ఎక్కువగా బట్ట కొని కుట్టించుకుంటున్నాను. మొదట మీరు వెళ్లాల్సింది చేనేత బట్టకు పేరున్న మంగళగిరి. విజయవాడ నుంచి 12 కిలోమీటర్లే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తారు. ఎక్కే ముందు ఏ బస్సో అడిగి ఎక్కండి, అన్నిటికీ వర్తించదు. ఊళ్లోకి రాగానే నరసింహస్వామి గుడి గోపురం కనిపిస్తుంది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించిన గోపురం అది. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. పొద్దున్నే వెళ్తే ముందు కొండ మీద పానకాల స్వామి దర్శనం చేసుకోండి. స్వామికి ఎంత పానకం పోసినా సగం తాగి సగం మనకే వదిలేస్తాడంటారు. ఎండలో మెట్లెక్కి ఆ మిరియాల పానకం తాగితే ప్రాణం లేచొస్తుంది.

షాపుల్లో కొనడానికి ముందు ఒక్కసారైనా మగ్గం చూడండి. నేను రెండోసారి వెళ్లినప్పుడు ఒక నేత బాబాయి గారు ఇంట్లోకి పిలిచి చూపించారు. ముందు గదిలో నేలలో గుంట, ఆయన గట్టున కూర్చుని కాళ్లు గుంటలోకి వేసి తొక్కుతున్నారు. చేత్తో తాడు లాగితే నాడె (అడ్డనూలు మోసే చెక్క) పడుగు, అంటే నిలువు నూలు, మధ్యలోంచి అటు నుంచి ఇటు టక్కున పోతుంది. ముదురాకుపచ్చ బట్ట, బంగారు జరీతో నిజాం అని పిలిచే రకం అంచు. కొస నా చేతిలో పెట్టి, "ఏది పై వైపో చెప్పమ్మా" అన్నారు. అటూ ఇటూ తిప్పాను, తేడా కనిపెట్టలేకపోయాను. అంచు కూడా రెండు వైపులా ఒకేలా ఉంది. మంగళగిరి బట్టలో మధ్యలో బుటాలూ పువ్వులూ ఉండవు, అందమంతా రంగులోనూ అంచులోనూ ఉంటుంది. ఆఫీసుకు అంతకంటే హుందాగా కనిపించే బట్ట నాకు తెలీదు. రోహిణీ కార్తె ఎండల్లో బెజవాడ బస్సుల్లో తిరిగేవాళ్లకు ఒంటికి హాయిగా ఉండే బట్ట కూడా ఇదే.

పన్నా (బట్ట వెడల్పు) 44 అంగుళాలుంటే మోకాళ్ల కిందకి వచ్చే, ముప్పావు చేతుల కుర్తీకి నాకు రెండున్నర మీటర్లు పడుతోంది. మీ ఎత్తు చెప్పి షాపులోనే అడగండి. మొదటిసారే మూడు నాలుగు కొనకండి. ఒక్క రంగు తీసుకుని కుట్టించి, నెల రోజులు వేసుకుని చూడండి.

కుట్టించే ముందు తప్పకుండా నీళ్లలో నానబెట్టాలి. మా వీధి చివర మిషన్ కుట్టే పిన్ని గారు బట్ట చేతికివ్వగానే వేళ్ల మధ్య నలిపి చూసి, "తడిపావా అమ్మాయ్?" అని అడిగారు. మర్నాడు మీటింగ్ ఉంది పిన్నిగారూ, ఇలాగే కుట్టేయండి అని బతిమాలాను. మొదటి ఉతుకుకే పొట్టిదైపోయి ఛాతీ దగ్గర బిగుసుకుపోయింది. ఏడుపు ముఖంతో తీసుకెళ్తే ఆవిడ ఒక్క మాట అనలేదు. లోపల రెండు వేళ్ల వెడల్పున బట్ట వదిలారట. పక్క కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చారు. ఆ కుర్తీ ఈ రోజుకీ వేసుకుంటున్నాను. లైనింగ్‌తో కలిపి ఆవిడకు 450 ఇస్తాను, ఎక్కువనిపించదు. ఇలాంటి పిన్నిగారో అక్కో ఒకరు దొరికేదాకా ఓపిగ్గా వెతకండి. మొదట ఖరీదైన బట్ట ఇవ్వకండి, ఒక మామూలు కాటన్ ముక్క ఇచ్చి మెడ, చేతులు ఎలా కుడతారో చూడండి.

లైనింగ్ బట్ట, లెగ్గింగ్స్, మామూలు కాటన్‌లకైతే వన్‌టౌన్‌లోని వస్త్రలత. అది హోల్‌సేల్ మార్కెట్, ఒక్క పీస్ అంటే చాలామంది ఇవ్వరు. మేం హాస్టల్‌లో నలుగురం కలిసి వెళ్లి కట్టగా తీసుకుని పంచుకుంటాం. వన్‌టౌన్ సందులు ఇరుకు, పర్సు ముందుకు పెట్టుకోండి.

చెవులవీ, క్లిప్పులూ, చున్నీలూ, చేతి సంచులకు బీసెంట్ రోడ్డు. ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ మధ్య, సాయంత్రం ఆరు దాటాక వెళ్తే కన్నుల పండగ. నేను ఆఫీసుకు పెట్టుకునే ఆక్సిడైజ్డ్ జుంకాలు అన్నీ అక్కడివే, 40 నుంచి 100 రూపాయల లోపు. చెవి పుండు పడే శరీరమైతే కొక్కేనికి రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేసి ఆరబెట్టి పెట్టుకోండి, నాకు పనిచేసింది. బేరం ఆడండి కానీ, ఫుట్‌పాత్ మీద ఎండకీ వానకీ నిలబడి అమ్ముకునేవాళ్ల దగ్గర పది రూపాయల కోసం మరీ పట్టుపట్టకండి. చెప్పులు మాత్రం అక్కడ కొనొద్దంటాను. రోజూ బస్‌స్టాప్ నుంచి నడిచేవాళ్లకు కాళ్ల దగ్గర పొదుపు పనికిరాదు.

చున్నీ ఒకటైనా మంచిది ఉండాలనుకుంటే ఒక ఆదివారం పెడన వెళ్లండి. గుడివాడ మీదుగా మచిలీపట్నం పోయే రైలు అక్కడ ఆగుతుంది. కలంకారీ అచ్చు చేత్తో వేసేది అక్కడే. చెక్క అచ్చును రంగులో అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. ఆ చప్పుడు వింటూ గంటసేపు నిలబడిపోయాను. అసలుదో కాదో తెలియాలంటే ఒక అచ్చు పక్క అచ్చుతో కలిసే చోట చూడండి. చేత్తో వేసిన దాంట్లో ఎక్కడో ఒకచోట గీత వెంట్రుకవాసి తప్పుతుంది. మీటర్ల కొద్దీ ఎక్కడా తప్పకపోతే అది వేరే పద్ధతిలో వేసిన ప్రింటు.

కొనేదేమీ లేని వారాల్లో ఉండవల్లి గుహలకు వెళ్తాను. బస్సులో కుడివైపు కూర్చున్నా ఎడమవైపు కూర్చున్నా పర్లేదు, ప్రకాశం బ్యారేజీ మీద కిటికీ తెరిచి ఉంటే చాలు. నాలుగంతస్తుల గుహాలయం, పైన ఒకే రాతిలో చెక్కిన శయన అనంతపద్మనాభుడు. ఆయన పాదాల దగ్గర చల్లటి చీకట్లో కాసేపు నిలబడి, బయటి వసారాలోకి వస్తే కింద పచ్చటి పొలాలు. ఒక్కదాన్నే వెళ్లినా నాకెప్పుడూ భయం వేయలేదు, కానీ పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తాను. గదిలో అమ్మాయికి లొకేషన్ పంపి వెళ్తాను. భవానీ ద్వీపం మాత్రం నలుగురితో బాగుంటుంది, ఒక్కరే వెళ్తే ఆ బోటు ప్రయాణంలో మాట్లాడేవాళ్లుంటే బాగుండనిపిస్తుంది. కృష్ణకు వరద వచ్చిన రోజుల్లో బోట్లు ఆపేస్తారు, కనుక్కుని వెళ్లండి. మరీ ఎండగా ఉంటే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు, ఆ ముందు గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ.

మొదటి ట్రిప్ మంగళగిరికి, ఈ శనివారమే పెట్టుకోండి. ఒక బట్ట సంచి, నీళ్ల సీసా, ఆధార్ కార్డు చాలు. ఆదివారం పొద్దున్నే కొన్న బట్టను విడిగా ఒక బకెట్‌లో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేయండి. సాయంత్రానికి ఆరిపోతుంది, సోమవారం ఆఫీసుకు వెళ్లే దారిలో కుట్టడానికి ఇచ్చేయొచ్చు. ఏ రంగు తీసుకున్నారో ఇక్కడ రాయండి, దాని మీదకి ఏ చున్నీ బాగుంటుందో చెబుతాను.