జీనోమ్ పరీక్షలో మా తోట పేరు వస్తే తప్పు మాదేనా?

ప్రశ్న: ఆకుకూరలు, కీరదోస పండించి ఒక కంపెనీకి ఇస్తున్నాం. ఇకపై మా నీళ్లు, మట్టి, కోసిన పంటలో దొరికే బ్యాక్టీరియాకు జీనోమ్ పరీక్ష చేయిస్తామని, ఒప్పంద పత్రంపై సంతకం అడుగుతున్నారు. రేపు ఎవరికైనా జబ్బు చేస్తే కేసు మా మీదికి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టొచ్చా?

జవాబు: పరీక్ష మంచిదేనండీ. కానీ ఆ పత్రం పూర్తిగా చదవకుండా సంతకం పెట్టకండి.

జీనోమ్ అంటే ఒక జీవి మొత్తం డీఎన్ఏ. జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా డీఎన్ఏలో సుమారు 48 లక్షల అక్షరాలుంటాయి. వాటిని చదివి, రోగిలో దొరికిన బ్యాక్టీరియాకూ తోటలో దొరికినదానికీ ఎన్ని అక్షరాల తేడా ఉందో చూస్తారు. తేడా బాగా తక్కువైతే రెండూ ఒకే చోటు నుంచి వచ్చి ఉండవచ్చు. ఆ చోటు మీ తోటే కానక్కర్లేదు. ఎగువనున్న పశువుల పాక నుంచి కాలువ నీటితో మీకూ పక్కవారికీ చేరి ఉండవచ్చు, ప్యాకింగ్ షెడ్డులో ట్రేల నుంచి అంటి ఉండవచ్చు. రోగులు ఏం తిన్నారు, ఆ సరుకు ఏ లాట్‌లోది అన్నవి కూడా సరిపోవాలి.

2011లో జర్మనీలో ఇ.కోలి అనే బ్యాక్టీరియా వల్ల 50 మందికి పైగా చనిపోయారు. హాంబర్గ్ అధికారులు మొదట స్పెయిన్ కీరదోసను తప్పుబట్టారు. ఆ కాయల మీద ఇ.కోలి ఉన్నమాట నిజమే, కానీ జబ్బు తెచ్చిన రకం అది కాదని కొద్దిరోజుల్లోనే ల్యాబ్ పరీక్షల్లో తేలింది. అసలు కారణం మెంతి మొలకలు. ఈలోగా కొనే నాథుడు లేక రైతులు పంట పారబోసుకున్నారు. వారిమీద పడ్డ నిందను తొలగించింది కూడా పరీక్షే, అది మరచిపోవద్దు.

ఇక పత్రంలో ముఖ్యంగా చూడాల్సింది, వివరాలు ఎవరి దగ్గర ఉంటాయన్నది. అమెరికాలో 2012లో మొదలైన జీనోమ్‌ట్రాకర్ వంటి నెట్‌వర్క్‌లు జీనోమ్ వివరాలను ఎవరైనా చూసేలా పెడతాయి. ఇవాళ మీ దగ్గర దొరికినదాన్ని కొన్నేళ్ల తర్వాత వచ్చే రోగి నమూనాతోనూ పోల్చవచ్చు. కాబట్టి మీ పేరు, తోట చిరునామా బయటపెట్టబోమని రాయించుకోండి. ఫలితం కంపెనీకి అందిన రోజే మీకూ అందాలి. శాంపిల్‌లో సగం వేరే ల్యాబ్ కోసం దాచాలి. బ్యాక్టీరియా దొరికితే నష్టం ఎవరు భరించాలో కూడా స్పష్టంగా ఉండాలి. భారమంతా రైతు మీదే వేస్తే పరీక్ష చేయించుకోవడానికి ఎవరూ ముందుకు రారు, అప్పుడు తినేవారికీ ప్రమాదమే. ఫలితాన్ని ప్రభుత్వానికి తప్పక చెప్పాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది, న్యాయవాదిని అడగండి.

నీరు ఎక్కడిది, పశువుల ఎరువు ఎప్పుడు వేశారు, ఏ రోజు కోసిన సరుకు ఏ లాట్‌లో వెళ్లింది, ఇవన్నీ ఇవాళ్టి నుంచే పుస్తకంలో రాయండి. పత్రం నకలు పంపితే షరతులు చూసి చెబుతాను.