అమ్మకు తెలుగు పుస్తకాలు చదవడానికి కిండిల్ కొనాలా, టాబ్లెట్ కొనాలా?

65 ఏళ్ళ అమ్మగారు తెలుగు నవలలు, పాత వారపత్రికలు చదువుకోవడానికి 15 వేల రూపాయల లోపు ఏ పరికరం కొనాలని మీరు అడిగారు. స్నేహితులందరూ కిండిల్ కొనమంటున్నారని కూడా రాశారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ డబ్బుతో 10 లేదా 11 అంగుళాల టాబ్లెట్ కొనండి, కిండిల్ లాంటి 6 అంగుళాల ఈ-రీడర్ జోలికి వెళ్ళకండి. ఇంగ్లీషు నవలలు చదివేవారికైతే మీ స్నేహితుల సలహా నూటికి నూరు పాళ్ళు సరైనదే. తెలుగు పాఠకుల పరిస్థితి వేరు, ఎందుకంటే మనకు డిజిటల్‌గా దొరికే పుస్తకాల్లో చాలా భాగం అక్షరాల రూపంలో ఉండవు, పుటల ఫొటోల రూపంలో ఉంటాయి.

ఈ తేడాను అమ్మేవారు ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు ఈ-పుస్తకంలో అక్షరం పెద్దది చేస్తే పంక్తులు వాటంతట అవే తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి, కాబట్టి అరచేతిలో ఇమిడే పరికరం కూడా వారికి చాలుతుంది. మన పాత పుస్తకాల సంగతి అలా కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న మన రాజ్ రెడ్డి గారు తలపెట్టిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టుతో ముడిపడి మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల చేతుల మీదుగా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటిలో చాలా వరకు ఇవాళ ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఆ కృషే లేకపోతే మా నాన్నగారి తరం చదివిన పుస్తకాలు నా తరం కంటపడేవే కావు. అయితే అక్కడ దొరికేది పుట బొమ్మ. బొమ్మలో అక్షరం పెద్దది కావాలంటే పుట మొత్తం పెద్దది కావాలి, అప్పుడది తెర దాటి పక్కకు పోతుంది.

మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయనకు చదువు మీద కోరిక మళ్ళీ పుంజుకుంది. అది తెలిసి అమెరికాలో ఉన్న మా తమ్ముడు వస్తూ వస్తూ ఒక 6 అంగుళాల ఈ-రీడర్ తెచ్చి చేతిలో పెట్టాడు. చక్కటి పరికరం, తేలిక, ఎండలో కూడా తెల్ల కాగితం మీద అచ్చులా కనిపిస్తుంది. అందులో ఆయన అడిగిన పాత ప్రబంధం స్కాన్ ఎక్కించి ఇచ్చాం. ఆయన వరండాలో కూర్చుని అలవాటు ప్రకారం గొంతెత్తి సీసపద్యం మొదలుపెట్టారు. పుట మొత్తం తెరలో ఇమిడినప్పుడు అక్షరాలు ఎంత చిన్నవయ్యాయంటే, థ కడుపులో చుక్క కనిపించక అది ధ అయిపోయింది, ధ అడుగున గీత కనిపించక అది ద అయిపోయింది, అరసున్నలు ధూళి రేణువుల్లో కలిసిపోయాయి, రెండు వత్తులు కలిసిన చోట నల్లటి మచ్చ మాత్రం మిగిలింది. రెండు వేళ్ళతో సాగదీసి పెద్దది చేస్తే పాదంలో సగం కుడి అంచు దాటిపోయింది. ఆ సగాన్ని లాక్కొచ్చే ప్రతిసారీ తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ తెల్లబడేది. ఆయన యతి దగ్గరకు వచ్చి గొంతు ఆపి, తెర తేరుకునే దాకా ఎదురుచూసి, తర్వాతి ముక్క అందుకునేవారు. రెండో పద్యానికి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఒరే, ఇది చదవడం కాదురా, ఏరుకోవడం" అన్నారు.

తమ్ముడు నొచ్చుకున్నాడు గానీ తప్పు పరికరానిది కాదు, కొలతది. నేను స్కేలు తెచ్చి ఇంట్లో ఉన్న డెమ్మీ సైజు నవల ఒకటి కొలిచాను. పుట ఎత్తు ఇంచుమించు 21.5 సెంటీమీటర్లు, వెడల్పు 14. ఆరంగుళాల తెర ఎత్తు 12, వెడల్పు 9. అంటే పుట మొత్తం అందులో పట్టాలంటే అది దాదాపు 56 శాతానికి కుదించుకుపోవాలి. అచ్చులో 12 పాయింట్లున్న అక్షరం అక్కడ 7 పాయింట్లకు దిగుతుంది. ఇంగ్లీషు అక్షరమైతే ఆ కొలతలో కూడా ఎలాగో గుర్తుపట్టవచ్చు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని నిలబడే మన అక్షరం 7 పాయింట్లలో బతకదు. అదే 10.3 అంగుళాల తెర అయితే ఎత్తు 21 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 15.7. డెమ్మీ పుట దాదాపు ఉన్నదున్నట్టు పడుతుంది. చుట్టూ ఉన్న ఖాళీ అంచులను కత్తిరించి చూపే సదుపాయం వాడితే అచ్చు పుస్తకం కంటే అక్షరం పెద్దదవుతుంది కూడా. తెలుగు చదువరి పరికరం కొనేటప్పుడు ముందు చూడవలసింది ఈ లెక్కే అని నేను గట్టిగా నమ్ముతాను. ప్రాసెసరు, మెమరీ, కంపెనీ పేరు అన్నీ దీని తర్వాతే.

ఇప్పటికే ఆరంగుళాల పరికరం ఉన్నవారు దాన్ని అటకెక్కించనక్కరలేదు. దాన్ని అడ్డంగా తిప్పి, అంచులు కత్తిరించి చదవండి. పుటలో అచ్చు ఆక్రమించే వెడల్పు పదిన్నర సెంటీమీటర్లు, అడ్డంగా తిప్పిన తెర వెడల్పు 12, కాబట్టి అక్షరం అసలు కంటే కాస్త పెద్దదిగానే వస్తుంది. ఒక్కో పుటను రెండు మూడు ముక్కలుగా చదవాల్సి వస్తుంది గానీ, పంక్తి మాత్రం తెగదు. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనిని చాలా బాగా చేస్తుంది, వెలిసిన అచ్చును నల్లగా చేసి చూపుతుంది కూడా. నాన్నగారు ఇప్పుడు వచన పుస్తకాలు అలాగే చదువుతున్నారు. పద్యాలకు మాత్రం టాబ్లెటే.

మీ అమ్మగారు వారపత్రికలు కూడా చదువుతారన్నారు కాబట్టి టాబ్లెట్ అవసరం ఇంకా ఎక్కువ. రెండు మూడు కాలమ్‌ల పుట చిన్న తెరలో ఏ ఉపాయంతోనూ లొంగదు. పైగా ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర 16 ఛాయల బూడిద రంగులో చూపిస్తుంది. 1947లో మొదలైన చందమామ సంచికలు తీసి, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలను బూడిద రంగులో చూడమని నేను ఎవరికీ చెప్పలేను. రంగుల ఈ-ఇంక్ కూడా వచ్చింది గానీ ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే రకంలో నలుపు తెలుపులకు అంగుళానికి 300 చుక్కలుంటే రంగు దగ్గరకు వచ్చేసరికి 150కి పడిపోతుంది, రంగులు కూడా వెలిసినట్టే ఉంటాయి. టాబ్లెట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. తెలియని మాట ఎదురైతే పక్కనే ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి చూసుకోవచ్చు. మా ఇంట్లో నాన్నగారు టాబ్లెట్‌ను క్షమించింది ఆ నిఘంటువు చూశాకే.

ఈ-ఇంక్ గొప్పతనాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. తెర లోపల సూక్ష్మమైన గుళికల్లో నలుపు తెలుపు రేణువులుంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు అవి పైకీ కిందికీ కదిలి అక్షరంగా నిలబడిపోతాయి, పుట తిప్పే దాకా మళ్ళీ కరెంటు అడగవు. అందుకే ఛార్జింగు వారాల తరబడి ఆగుతుంది. దీపం తెర వెనక నుంచి కళ్ళలోకి కాక, అంచుల నుంచి తెర మీదకు పడుతుంది. టాబ్లెట్‌లో గంట చదివితే నాన్నగారికి కళ్ళ వెంట నీళ్ళు కారేవి, ఈ-రీడర్‌లో పూటంతా చదివినా కారలేదు. వైద్యులు ఏమంటారో గానీ ఈ విషయంలో నాకు సందేహం లేదు. అందుచేత బడ్జెట్ పెంచగలిగితే 10.3 అంగుళాల ఈ-ఇంక్ పరికరమే నా మొదటి ఎంపిక. మీరు చెప్పిన డబ్బులో అది రాదు. టాబ్లెట్ కొన్నాక వెలుతురు బాగా తగ్గించి, తెరను పసుపు ఛాయలోకి మార్చి, మెరుపు తగ్గించే గరుకు ఫిల్ము ఒకటి అతికించండి. వాట్సాప్, యూట్యూబ్ మోతలన్నీ ఆపేయండి. అరకిలో బరువును చేతిలో పట్టుకుని చదవమనకుండా ఒక స్టాండు కొనివ్వండి. పాతకాలంలో వ్యాసపీఠం చేసిన పనే అది చేస్తుంది.

అసలు ఇన్ని ఉపాయాలు మనకెందుకు అవసరమవుతున్నాయన్నది ఈ ప్రశ్న వెనక ఉన్న పెద్ద బాధ. పాత పుస్తకాలు ఫొటోలుగా ఉండడం అర్థం చేసుకోదగినదే. నిరుడు వచ్చిన నవల కూడా ఫొటోలాగే ఎందుకు అమ్ముతున్నారు? మన ప్రచురణ రంగంలో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పుటలు కూర్చే పని, చాలా కాలం 'అను' అనే పేరున్న ఫాంట్లలోనే నడిచింది, చాలా చోట్ల ఇంకా నడుస్తోంది. అవి యూనికోడ్‌లో, అంటే అన్ని పరికరాలూ ఒకేలా గుర్తుపట్టే అక్షర సంకేతాల్లో, ఉండవు. ఆ ఫైలు అచ్చుకు పనికొస్తుంది గానీ అందులోంచి వాక్యం కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి, మాట వెతికితే దొరకదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, మార్చాక ఒకరు కూర్చుని ప్రూఫు చూడాలి. ఆ ప్రూఫు ఖర్చు పెట్టడానికి మనసొప్పక, పుటలను ఉన్నవున్నట్టు పీడీఎఫ్ చేసి ఈ-పుస్తకం అని పేరు పెట్టి అమ్ముతున్నారు. పొట్టి శ్రీరాములు గారి కాలం నాటి పుస్తకానికీ, నిన్నటి పుస్తకానికీ తెర మీద తేడా లేకుండా పోయింది. అక్షరం పెద్దది చేసుకోలేని వృద్ధులకూ, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే అంధులకూ ఆ పుస్తకం మూతపడినట్టే.

పెద్ద కంపెనీలూ మనల్ని ఇలాగే చూశాయి. 2016 చివరలో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల పైచిలుకు, మలయాళం వారు మూడున్నర కోట్లు. సంఖ్య మన దగ్గర ఉంది. కొనుక్కుని చదువుతామన్న ఒత్తిడి మాత్రం మన నుంచి వెళ్ళలేదు. ఈ లోటు పూడ్చడానికి జీతం లేకుండా పనిచేస్తున్నవారు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటు వాళ్ళు. స్కాన్ పక్కన పెట్టుకుని పుట పుటా టైపు చేసి సరిచూస్తారు. పూర్తయిన పుస్తకాన్ని ఈపబ్ అనే ఈ-పుస్తకపు ఫైలుగా దించుకోవచ్చు, అది ఆరంగుళాల తెరలో కూడా అందంగా సర్దుకుంటుంది. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి కాబట్టి 1919లో పోయిన కందుకూరి, 1946లో పోయిన చిలకమర్తి వంటివారిని అలా నిశ్చింతగా చదువుకోవచ్చు.

డబ్బు పెట్టి కొనే ఈ-పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నేను ఒక అమ్మకపు సైటులో కొన్న తెలుగు పుస్తకాలు వాళ్ళ యాప్‌లో తప్ప తెరుచుకునేవి కావు. ఆ యాప్ కొత్త ఫోనులో పనిచేయడం మానేశాక, డబ్బు కట్టిన రసీదులు మాత్రం నా దగ్గర మిగిలాయి. రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. ఇది చిన్న సంస్థల బెడద మాత్రమే కాదు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు కొన్నవారి పుస్తకాలన్నీ మాయమయ్యాయి. ఆ సంస్థ డబ్బు తిరిగి ఇచ్చింది, అంతవరకు నయం. కాబట్టి తాళం లేని పీడీఎఫ్ లేదా ఈపబ్ ఇచ్చే ప్రచురణకర్త దగ్గరే కొనండి, కొన్నది మీ కంప్యూటర్‌లో ఒక కాపీ దాచండి.

కొనే ముందు వీలైతే దుకాణానికి అమ్మగారినే తీసుకెళ్ళండి. మీ ఫోనులో రెండు ఫైళ్ళు సిద్ధంగా ఉంచుకోండి. ఒకటి ఆమెకు ఇష్టమైన పాత పుస్తకం స్కాన్, రెండోది వికీసోర్స్ నుంచి దించిన ఈపబ్. స్కాన్‌ను తెర నిండా తెరిచి, ఆమె కళ్ళజోడుతో, ఆమె ఎప్పుడూ పట్టుకునే దూరంలో ఒక పుట చదవమనండి. మధ్యలో వేళ్ళతో సాగదీయాల్సి వస్తే ఆ తెర చాలదన్నమాట. ఈపబ్‌లో స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం వంటి మాటలు వెతికి, వత్తులు సరిగ్గా కింద కూర్చున్నాయా, విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయా చూడండి. టాబ్లెట్లలో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు, ఈ-రీడర్లలో మాత్రం ఫాంటు మనమే ఎక్కించుకోవాల్సి రావచ్చు. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ముందే కనుక్కుని, పెట్టె వచ్చిన రోజే ఈ రెండు పరీక్షలూ చేయించండి.