రంగు డబ్బాలు కనబడనిచోట పెట్టు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు బాగుచేయబోతున్న పాత ఉక్కు మౌంటెన్ బైకు ఫోటోలు చూశాను. సైకిలు పర్లేదు. పక్కన నేలమీదున్న రెండు స్ప్రే పెయింటు డబ్బాలు చూశాకే కంగారొచ్చింది. ముందు వాటిని కనబడనిచోట పెట్టెయ్. నేను బాగుచేసిన మొదటి సైకిలుకి అన్నిటికంటే ముందు రంగే కొట్టాను. మూడు పూతలు వేసి, మీద వార్నిష్ కూడా పట్టించాను. అద్దంలా మెరిసింది. తీరా చూస్తే సీటు పోస్టు, అంటే సీటుని మోసే కడ్డీ, ఫ్రేములో బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఊడబెరకడానికి నేను పట్టిన పట్లకి, వేసిన రంగంతా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

కాబట్టి మొదట ఫ్రేము బతికుందో లేదో చూడు. ముందు హ్యాండిల్ దిగే పొట్టి గొట్టం ఉంది చూడు, అదే హెడ్ ట్యూబు. దాన్నుంచి కిందకి దిగే లావు గొట్టం అడుగున, అతుకుకి రెండంగుళాల లోపల, వేలితో నిమురు. చిన్న అలలా ఉబ్బు తగిలినా, రంగులో అడ్డంగా సన్నని గీత కనబడినా, అది ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దిందన్నమాట. అలాంటి ఫ్రేము మీద పెట్టే కష్టం దండగ. తర్వాత వెనక చక్రం తీసేసి, ఒకవైపు డ్రాపౌటుకి (ఇరుసు కూర్చునే గాడికి) దారం కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండోవైపు డ్రాపౌటుకి కట్టు. సీటు ట్యూబుకీ (సీటు పోస్టు దిగే గొట్టానికీ) దారానికీ మధ్య ఖాళీని రెండువైపులా కొలువు. మిల్లీమీటరో రెండో తేడా ఉంటే పట్టించుకోకు.

సీటు ట్యూబు మీద సగం చిరిగిన స్టిక్కరు ఒకటి కనబడింది, 4130 అని ఉన్నట్టుంది. దాన్ని గీకకు. అది క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు, మంచి సరుకు. బటెడ్ గొట్టాలైతే చివర్లు మందంగా, నడుమ పలచగా ఉంటాయి. గోటితో కొడుతూ పోతే చివర ఒక శబ్దం, నడుమ ఇంకో శబ్దం వినిపిస్తాయి. ఆ నడిమి భాగం మిల్లీమీటరు మందం కూడా ఉండదు. తుప్పు వదిలించాలని అక్కడ గరుకు కాగితంతో బలంగా రుద్దకు.

ఇక సీటు పోస్టు. పోస్టు అల్యూమినియం, గొట్టం ఉక్కు. రెండింటి మధ్యా ఏళ్ళ తరబడి తడి నిలిస్తే అల్యూమినియం పొట్టుకట్టి ఉబ్బి, గొట్టాన్ని కరుచుకుంటుంది. బిగింపు బోల్టు పూర్తిగా తీసెయ్. తుప్పు వదిలించే నూనె పైనుంచి పొయ్యి. సైకిల్ని తలకిందులు చేసి బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే చోటు) రంధ్రంలోంచి కూడా పొయ్యి, చాలామంది ఇది మరిచిపోతారు. మూడు రోజులు దాని మొహం చూడకు. తర్వాత పాత సీటు బిగించి, సీటునే పిడిలా పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పు. పైకి లాగడం కాదు, ముందు తిరగాలి. వేడి చేస్తే వదులవుతుందని ఎవరైనా చెబితే నమ్మకు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, ఇంకా బిగుస్తుంది. దానికంటే పోస్టు చుట్టూ మంచు కట్టడం నయం. బయటికొచ్చాక అడుగున 26.4, 26.8, 27.2 లాంటి అంకె ఉంటుంది, రాసి పెట్టుకో. కొత్తది కొనేటప్పుడు 0.2 మిల్లీమీటర్ల తేడా కూడా పనికిరాదు.

హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేములో పట్టి ఉంచే కాడ) బోల్టుని మాత్రం పూర్తిగా తీయకు. రెండు మూడు చుట్లు వదులుచేసి, చెక్కముక్క అడ్డం పెట్టి బోల్టు తల మీద ఒక్కటివ్వు. లోపల బిగిసి ఉన్న వెడ్జి (ఏటవాలు ముక్క) టక్కున జారుతుంది.

పెడళ్ళ దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు. ఎడమ పెడల్‌ది ఎదురు మర. గుర్తుపెట్టుకోవడం తేలికే: స్పానర్ని నిటారుగా పైకి ఉండేలా పెట్టి, వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్ళూ వదులవుతాయి. బాటమ్ బ్రాకెట్ రెండు చివరలా బిగించే కప్పులకి సరిగ్గా తిరగేసి. అక్కడ కుడివైపుది ఎదురు మర, స్పానర్ ముందు చక్రం వైపు పోవాలి. పెడళ్ళు వెనక్కి, కప్పులు ముందుకి.

క్రాంకు (పెడల్ తగిలించే చెయ్యి) ఊడదీసే పుల్లర్ బిగించేముందు రంధ్రంలోకి టార్చి వేసి చూడు. బోల్టు వచ్చినా దాని కింది వాషర్ ఒక్కోసారి లోపలే అంటుకుని ఉండిపోతుంది. ఒకసారి నేను చూసుకోలేదు. పుల్లర్ మరల్లోకి సగమే దిగింది, నేను బలం చూపించాను. క్రాంకు మరలన్నీ పొట్టు పొట్టుగా పుల్లర్‌తోపాటే వచ్చేశాయి.

ఇప్పుడు అసలు పని. చక్రాల నడుమ ఉండే హబ్బులు విప్పేముందు కింద తెల్లగుడ్డ పరువు. లోపలి బేరింగు గోళీలు ఎటు దొర్లేదీ తెలియదు. మామూలుగా ముందు చక్రంలో ఒక్కోవైపు 10, సైజు 3/16 అంగుళం. వెనక ఒక్కోవైపు 9, పావు అంగుళం. అయినా లెక్కపెట్టుకునే తియ్యి. లోపల గ్రీజు గోధుమరంగు లక్కలా గట్టిపడి ఉంటుంది. కిరోసిన్‌తో కడిగి, కోనుని (ఇరుసు మీద గోళీలని అదిమిపట్టే మరని) వెలుతురులో తిప్పు. గోళీలు పరిగెత్తే దారి నున్నగా ఒకే గీతలా మెరవాలి. అనుమానం వస్తే బాల్ పెన్ను మొన ఆ దారి వెంట మెల్లగా నడిపించు. కంటికి కనబడని గుంట కూడా పెన్నుకి తగులుతుంది. గుంటపడిన కోను మార్చాల్సిందే, ఎంత గ్రీజు పూసినా లాభంలేదు. గోళీలు మాత్రం బాగున్నా కొత్తవే వెయ్యి.

గ్రీజు దగ్గర పిసినారితనం వద్దు. ఈ సైకిళ్ళ పుట్టుకలోనే గ్రీజు ఉంది. 1976లో కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు ముప్పై నలభై ఏళ్ళనాటి బరువు సైకిళ్ళతో కొండమీదినుంచి పందేలు దిగేవాళ్ళు. బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది. కిందికి చేరేసరికి లోపలి గ్రీజు కాలి పొగైపోయేది, మళ్ళీ విప్పి కూరుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ బాటకి రీప్యాక్ అని పేరు. మౌంటెన్ బైకు పుట్టిందే పాత ఉక్కు సైకిళ్ళని విప్పి బిగించినవాళ్ళ చేతుల్లో.

కోన్లు బిగించేటప్పుడు నీ చక్రాలకి క్విక్ రిలీజ్ (లీవరుతో చక్రం బిగించే ఏర్పాటు) ఉంది కాబట్టి పిసరంత ఆట, అంటే వదులు, ఉంచు. లీవర్ మూసినప్పుడు ఇరుసు నొక్కుకుని ఆ ఆట పోతుంది. ఆట లేకుండా బిగిస్తే గోళీలు నలిగిపోతాయి. ఇది ఒక్కసారిలో కుదరదు. నాకు ఇప్పటికీ నాలుగైదుసార్లు పడుతుంది.

చిన్న ఉక్కు సామాన్ల తుప్పుకి ఆగ్జాలిక్ యాసిడ్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టు. అది విషం. గ్లవ్స్, కళ్ళజోడు లేకుండా ముట్టుకోకు, ఆరుబయటే చెయ్యి. తీశాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయి. అల్యూమినియం ముక్కలు అందులో వెయ్యకు.

టైర్లు కొనేముందు అంచుమీద 559 అన్న అంకె వెతుకు. టైరు కూర్చునేచోట రిమ్ము వ్యాసం అది, మిల్లీమీటర్లలో. 26 అంగుళాలని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. 590 కూడా 26 పేరుతోనే తిరుగుతుంది, నీ రిమ్ముకి పట్టదు. బ్రేకు రాసుకునే రిమ్ము గోడ లోపలికి గుంటపడి ఉంటే రిమ్ము మార్చు. వెనక చక్రమే మార్చాల్సివస్తే, నీ ఫ్రేము వెనక డ్రాపౌట్ల మధ్య ఖాళీ 130 మిల్లీమీటర్లే అయినా 135 హబ్బు చేత్తో కొంచెం విడదీసి దూర్చొచ్చు, ఉక్కు కదా. అల్యూమినియం ఫ్రేముతో ఆ వేషాలు వద్దు.

నీవి కాంటిలీవర్ బ్రేకులు, చక్రానికి రెండువైపులా ఉన్న చేతుల్ని ఒక అడ్డతీగ లాగే రకం. కేబుళ్ళు బాగానే కనబడినా కొత్తవి వెయ్యి. ముందు బ్రేకు కేబులు తెగితే, అడ్డంగా ఉండే చిన్న తీగ టైరు బుడిపెల మీద పడి చక్రాన్ని బిగించేస్తుంది, నువ్వు హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతావు. వాటిని తీసి పొడుగు చేతులుండే వి-బ్రేకులు పెట్టాలనుకుంటే లీవర్లూ మార్చాలి, పాత లీవర్లు అంత కేబులు లాగలేవు.

గేరు మీటలు టిక్కుమనడం లేదన్నావు. పారెయ్యకు. లోపల గ్రీజు గడ్డకట్టింది, అంతే. పల్చటి నూనె కొట్టి, వందసార్లు అటూ ఇటూ నొక్కు. చైను 12 లింకులు (లోపలి జత, బయటి జత కలిపి ఒక లింకు) 12 అంగుళాలుండాలి. 1/16 సాగితే చైను మార్చు, 1/8 సాగితే వెనక పళ్ళూ పోయినట్టే.

రంగు సంగతి ఇవన్నీ అయ్యాక. నన్నడిగితే తుప్పు మచ్చలవరకే అద్ది వదిలెయ్. గొట్టాల లోపల నూనె కొట్టడం మాత్రం మానకు, ఉక్కు ఫ్రేము చచ్చేది లోపలినుంచే.

సీటు పోస్టు కదిలిన రోజు ఫోను చెయ్యి. వారమైనా కదలకపోతే అప్పుడూ చెయ్యి, రంపం పట్టుకుని నేనే వస్తాను.

మీ పెదనాన్న