పాత సవారి కచ్చురాన్ని అసలు రూపం పోకుండా బాగు చేయించడం ఎలా? రబ్బరు టైర్లు వేయించొచ్చా?

తాతల నాటి కచ్చురం, అంటే మనుషులు ఎక్కి తిరిగే గూడు ఎద్దుబండి, కొట్టంలో పడి ఉందని, బాగు చేయించాలని ఉందని, అసలు రూపం పోకూడదని రాశారు. మళ్లీ మీరే రబ్బరు టైర్లు వేయించొచ్చా, పని ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగారు. టైర్లు వేయించకండి. ఎందుకో చెప్తాను.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు పల్లె. మా నాయనమ్మ పెళ్లయి కాపురానికి వచ్చిన కచ్చురం మా పుట్టింటి కొట్టంలో ఉండేది. మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు పిల్లలమంతా అందులోనే పోయేవాళ్లం. నాన్న పోయాక మా అన్న దాన్ని అమ్మేద్దామన్నాడు. పాత టేకు కొనేవాళ్లు అప్పటికే వచ్చి బేరం కూడా చేసి వెళ్లారు. వాళ్లకు కావలసింది బండి కాదు. చక్రాలు ఒకచోటికి, పలకలు ఇంకోచోటికి పోతాయి. విజయవాడ హైవే మీద ధాబాల ముందు గేటుకు రెండు వైపులా నిలబెట్టి, వార్నిష్ కొట్టి, సీరియల్ బల్బులు చుట్టిన చక్రాలు మీరూ చూసే ఉంటారు. అవన్నీ ఎవరో ఒకరి ఇంటి బండ్లవే. వాటి పక్కన నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

అందుకే బండిని నేను తీసుకున్నాను. ఆ పనిలో నాకు బాగా తెలిసొచ్చింది ఒక్కటే. అసలు రూపం అంటే మెరుపు కాదు, అతుకులు. కర్రను కర్రలోకి ఎలా దిగ్గొట్టారు, దాన్ని ఇనుము ఎలా బిగించి పట్టుకుంది అన్నదే ఆ బండి. మేకు లేకుండా నిలబడ్డ చోట మీరు బోల్టు వేస్తే, రంగు ఎంత పాతగా కనిపించినా అది కొత్త బండే. పలక మీద గీతలున్నాయా, అంచు అరిగిందా, ఉండనివ్వండి. బరువు మోసే కర్రకు పుచ్చు పడితేనే మార్చండి. తీసేసిన ముక్కను పారేయకండి, కొత్తది చెక్కడానికి అదే కొలత.

అమెరికాలో ఉండే మా మేనల్లుడు 1960ల నాటి ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలరు కొన్నాడు. కారు వెనక తగిలించుకుని తిరిగే ఇల్లు లాంటిది, ఒళ్లంతా అల్యూమినియం రేకు, రివిట్లు. అక్కడా ఇదే గొడవట. లోపలి పాత చెక్క పని పీకేసి తెల్ల రంగు కొట్టి అమ్మేవాళ్లు ఒక పక్క, రివిట్టుకు రివిట్టే వేయాలనేవాళ్లు ఇంకో పక్క. వాడు మొదట చేసింది మాత్రం కప్పు అతుకుల్లోంచి, కిటికీల అంచుల్లోంచి కారే నీళ్లను ఆపడం. రేకు బాగానే ఉన్నా లోపల నేలకు వేసిన ప్లైవుడ్ తడికి కుళ్లిపోయిందట. మీరూ బండి జోలికి పోయే ముందు కొట్టం కప్పు చూడండి. చక్రాల కింద రాళ్లు పెట్టి లేపండి. తడి మట్టికి ఆనిన పూటీకి, అంటే చక్రం అంచు కర్రకు, చెదలు ఎక్కడానికి ఒక్క వానాకాలం చాలు.

ఇక చక్రాల సంగతి. మా బండికి ఒక్కో చక్రంలో పన్నెండు ఆకులు (నడిమి కుండలోంచి అంచుకు పోయే కర్రలు), ఆరు పూటీలు. అంతా నల్లతుమ్మ. ఇన్నేళ్లు ఎండి ఆకులన్నీ కుండలో గలగలా కదిలేవి. చక్రం చుట్టూ తొడిగిన ఇనుప పట్టా చేత్తో తోస్తే పక్కకు జరిగేది. మండల కేంద్రంలో వెల్డింగు పెట్టుకున్న అబ్బాయి చూసి, పట్టాకు రంధ్రాలు చేసి బోల్టులు బిగిస్తానన్నాడు. మా బావ ఫెవికాల్ పోద్దామన్నాడు. ఇంకొకాయన చక్రాలను చెరువులో నానబెడితే సరిపోతుందన్నాడు. నానబెడితే కర్ర ఉబ్బి బిగుస్తుంది నిజమే, పాతకాలంలో ఎండల్లో ప్రయాణం మధ్యలో వాగులో బండి ఆపేది అందుకే. కానీ ఆరగానే మళ్లీ కథ మొదటికొస్తుంది.

చివరికి చండూరు దగ్గరి ఒక ఊళ్లో డెబ్బై దాటిన వడ్లాయన (వడ్రంగి) దొరికాడు. ఆయన చక్రాన్ని ఒకసారి దొర్లించి చెవి పెట్టి విన్నాడు. "కర్రకేం కాలేదు బిడ్డా, పట్టా వదులైంది. పట్టా కోసి చిన్నగ చేసి మళ్లెక్కియ్యాలె" అన్నాడు. "బోల్టులు పెడితే ఆగదా తాతా?" అని అడిగాను. "బోల్టు ఒక్క చోట పడ్తది. పట్టా చుట్టూర పడ్తది" అన్నాడు. ఇంజనీరింగు చదివినవాళ్లు ఎవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

కమ్మరాయన్ను కూడా ఆయనే పిలిపించాడు. చక్రం అంచున సుద్దతో గీత పెట్టి, చదును చేసిన నేల మీద ఒక చుట్టు దొర్లించి పొడవు గుర్తు పెట్టారు. పట్టాను దానికంటే కాస్త పొట్టిగా కోసి అతికారు. ఎంత పొట్టిగా అన్నది చేతి అనుభవమే. తర్వాత నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. అయిదడుగుల చక్రం చుట్టుకొలత 4.8 మీటర్లకు దగ్గర. ఇనుము వంద డిగ్రీల వేడికి మీటరుకు దాదాపు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. 500 డిగ్రీలు ఎక్కితే చుట్టుకొలతలో 29 మిల్లీమీటర్ల దాకా, అంటే అంగుళం దాటి. ఆ సందులోనే చక్రం దూరాలి.

తెల్లవారుజామునే మొదలుపెట్టారు. గాలి ఉండదు, పట్టా ఎంత ఎర్రబడిందో చీకట్లో బాగా తెలుస్తుంది. పట్టాను నేల మీద పరిచి కింద, మీద పిడకలు పేర్చి అంటించారు. పక్కన చక్రాన్ని పడుకోబెట్టి, కుండ కోసం గుంత తీశారు. పట్టా చుట్టూ ఒకే తీరుగా ఎర్రబడేదాకా కమ్మరాయన ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ తర్వాత అంతా క్షణాల్లో జరిగిపోయింది. నలుగురు పటకార్లతో పట్టాను లేపి చక్రం మీదకు దించారు. కర్రకు తగలగానే గుప్పున మంట లేచింది. ఒక పక్క దిగి ఇంకో పక్క దిగకపోతే సమ్మెటతో కొట్టారు. తుమ్మ కర్ర పొగకు కళ్లు మండిపోతున్నాయి. "పొయ్యుండ్రి!" అని వడ్లాయన అరిచాడు. మేం ఆడవాళ్లం వరుసగా నిలబడి బిందెలతో నీళ్లు పోశాం. ఆవిరి చల్లారుతుంటే చక్రంలోంచి టక్, టక్ అని చప్పుళ్లు. ఒక్కో ఆకు కుండలోకి దిగుతున్న చప్పుడది. గోరు దూరేంత ఉన్న పూటీల సందులు నా కళ్ల ముందే వెంట్రుక కూడా పట్టనంతగా మూసుకుపోయాయి. జిగురు లేదు, బోల్టు లేదు.

ఇప్పుడు మీ టైర్ల ప్రశ్న. బరువులు లాగే బండికి రబ్బరు టైరు మంచిదే, ఎద్దులకు సులువు. దాన్ని నేను కాదనను. కానీ కచ్చురం పెద్ద చక్రాల ఎత్తుకు తగ్గట్టు కట్టిన తేలిక బండి. చిన్న టైర్లు వేస్తే ఇరుసు కిందికి పోతుంది. ఎద్దుల మెడ మాత్రం ఉన్న చోటే ఉంటుంది. దాంతో బండి వెనక్కి వాలి, కాడి పైకి లేచి, మెడ కింది పట్టీ గొంతుకు ఒత్తుకుంటుంది. సరిచేయాలంటే దిమ్మెలు వేయాలి, నొగలు, అంటే కాడిదాకా పోయే పొడవాటి కర్రలు, కోయాలి. అలా కోస్తూ పోతే చివరికి మిగిలేది గూడు ఒక్కటే. మీకు మరీ దూరం పోవాలనుంటే బండిని డీసీఎం వ్యానులో ఎక్కించి తీసుకెళ్లండి. మట్టి బాట మీద దించి ఎద్దుల్ని కట్టండి.

ఇరుసుకు షాపులో దొరికే గ్రీజు పెట్టినా ఎవరూ తప్పు పట్టరు. నేను మాత్రం కందెనే వాడతాను, ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి. మన నల్లగొండ, పాలమూరు చేలల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఆముదమే. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇప్పటికీ దాని మీద పని జరుగుతోంది. మా ఊళ్లోనేమో అంతా పత్తి, బత్తాయి అయిపోయింది. కందెనకు ఆముదం కొనుక్కోవలసి వచ్చినందుకు నాకు నిజంగా బాధేసింది. అయితే చెక్కకు పూయడానికి ఆముదం పనికిరాదు. అది ఎప్పటికీ ఆరదు, దుమ్మంతా పట్టుకుంటుంది. అవిసె నూనె పల్చగా పూసి తుడవండి. తుడిచిన గుడ్డలు మాత్రం కుప్పగా పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

ఎనామిల్ పెయింటు మాట ఎవరెత్తినా వినకండి. మా బండి లోపలి వైపు గూడు కింద పాత పచ్చరంగు మరకలు మిగిలాయి. తడిగుడ్డతో దుమ్ము తుడిచి అలాగే ఉంచాను. గూడు మాత్రం కొత్తగానే కట్టించాం. వెదురు బద్దలు పొడి పొడిగా రాలిపోయాయి, దాన్ని కాపాడి లాభం లేదు. మేదరివాళ్లు అదే అల్లిక అల్లి, పైన ఈత చాప, ఆ మీద డేరా గుడ్డ వేశారు. నీలిరంగు ప్లాస్టిక్ పట్టా కప్పిన కచ్చురం ఒకటి దేవరకొండ దారిలో చూశాను. డేరా గుడ్డకు ఇంకో నాలుగు డబ్బులు పెడితే ఏం పోయేదో!

ఒక మాట కూడా చెప్పాలి. కచ్చురం దొరల గుర్తు, దాన్నెందుకు బాగు చేయడం అని మా బంధువుల్లో ఒకాయన అన్నాడు. ఈ జిల్లాలోనే దొరల బండి ముందు వెట్టివాళ్లను పరిగెత్తించారు, అది అబద్ధం కాదు. ఆ సంగతి మా పిల్లలకు ఆ బండి పక్కనే నిలబెట్టి చెప్తాను. కానీ దాన్ని చెక్కింది దొర కాదు. చెక్కినవాళ్ల చేతిపని అందులో ఉంది, దాన్ని చెదలకు వదిలేస్తే నష్టపోయేది వాళ్లే. మా వడ్లాయన కొడుకు హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్లు బిగిస్తాడు. తండ్రికి పని లేక కాదు, ఇచ్చే కూలీ చాలక. టైర్ల ఇరుసు కొనడానికి వెనకాడనివాళ్లు వడ్లాయన దగ్గరికొచ్చేసరికి వందల దగ్గర బేరమాడతారు. మీరు ఆడకండి. చక్రం పనికి ఆయన ఎంత అడిగితే అంత ఇవ్వండి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, వానల్లో మాత్రం వద్దు. అప్పుడు కర్ర నీరు పట్టి ఉబ్బి ఉంటుంది. అప్పుడు ఎక్కించిన పట్టా ఎండాకాలం రాగానే వదులైపోతుంది. ఇప్పుడే చక్రాలు విప్పి నీడపట్టున ఆరబెట్టండి. పుచ్చిన పూటీలుంటే ఎండిన తుమ్మతో ఉగాది లోపు మార్పించుకోండి. రోహిణి కార్తె దాటకముందే పట్టా ఎక్కించండి.