కారెక్కితే గుండెదడ.. మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. రెండు నెలల క్రితం మావారు కారు నడుపుతుంటే ముందున్న లారీ ఒక్కసారిగా ఆగింది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నాం. అప్పటి నుంచి కారెక్కితే చాలు, గుండెదడ, చెమటలు. బ్రేకు నా దగ్గరే ఉన్నట్టు కుడికాలు నేలను తొక్కేస్తుంటుంది, ఇంటికొచ్చేసరికి పిక్క పట్టేస్తోంది. పడుకుంటే ఆ లారీ వెనక లైట్లే కనిపిస్తున్నాయి. మావారు ఇప్పటికీ స్పీడుగానే వెళ్తారు, మధ్యలో ఫోన్ చూస్తారు. అడిగితే ‘నీకు భయం ఎక్కువ’ అంటారు. తెలిసినవాళ్లు చెప్పారని ప్రయాణానికి ముందు ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలం సగం మాత్ర వేసుకుంటున్నాను. మంచిదేనా?
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. డాక్టర్ రాయకుండా వాడొద్దు. అది భయాన్ని కాసేపు నిద్రపుచ్చుతుందే తప్ప తగ్గించదు, అలవాటుగా మారే మందు కూడా. అయితే రోజూ వేసుకుంటుంటే మాత్రం సొంతంగా ఉన్నట్టుండి ఆపేయకండి, డాక్టర్ని అడిగి నెమ్మదిగా తగ్గించుకోవాలి. వేసుకున్న రోజు మీరు బండి నడపకూడదు.

మీ భయంలో రెండున్నాయమ్మా, వాటిని కలిపేయొద్దు. లారీ లైట్లు పదేపదే కళ్లముందుకు రావడం, నిద్ర పట్టకపోవడం.. ఇవి అలాంటి సంఘటన తర్వాత చాలామందికి ఉంటాయి, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గలేదంటే పీటీఎస్‌డీ, అంటే భయంకర సంఘటన మిగిల్చిన మానసిక సమస్య కావచ్చు. మీకు రెండు నెలలైంది కాబట్టి సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవాల్సిందే. కౌన్సెలింగ్‌తో, అంటే ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొంటూ, మొదట ఆగి ఉన్న కారులో కూర్చుని, తర్వాత ఖాళీ రోడ్డు మీద కొద్ది దూరం వెళ్లి, అలా మెల్లగా అలవాటు చేసుకుంటూ చాలామంది బాగా కోలుకుంటారు. ప్రయాణాలే మానేస్తే మాత్రం భయం ఇంకా పెరుగుతుంది. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు కూడా దడ వస్తుంటే ఓసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి.

ఇక రెండోది జబ్బు కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. రెండు సెకన్లు ఫోన్ చూశారంటే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే, ఆ దూరంలో ముందు లారీ ఆగితే బ్రేకు మీదకు కాలు వెళ్లే టైమ్ కూడా ఉండదు. అది చూసి మీకు టెన్షన్ రావడం సహజం, రాకపోతేనే నేను కంగారుపడాలి! ఈ భయానికి నేను మందు రాయను. క్యాజువాల్టీలో పనిచేసిన రోజుల్లో ‘ఒక్క క్షణమే చూశాను సార్’ అన్నవాళ్లను చాలామందిని చూశాను, ఆ మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

కారు కదులుతుండగా ఆయనతో వాదనకు దిగొద్దు, ఆయన ధ్యాస ఇంకా చెదురుతుంది. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పండి: ఫోన్ నా బ్యాగులో ఉంటేనే కారెక్కుతానని, స్పీడు తగ్గించమంటే తగ్గించాలని. వెనక సీట్లో ఉన్నవాళ్లు సహా అందరూ బెల్టు పెట్టుకోవాలి, ఇందులో మొహమాటం వద్దు. దారిలో దడ మొదలైతే ఊపిరి మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు మాత్రం బాగా నెమ్మదిగా వదలండి, నాలుగైదు నిమిషాలు అలాగే చేస్తే గుండె వేగం కాస్త దిగుతుంది.

సైకాలజిస్టు దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి. మీరు చెబితే ‘భయం ఎక్కువ’ అన్నది అక్కడ డాక్టర్ చెబితే వినవచ్చు. మీ పిక్క ఎందుకు పట్టేస్తోందో ఆయనకు ఇప్పటిదాకా చెప్పి ఉండకపోతే, ఈ రాత్రికే చెప్పండి.