పుట్టగొడుగు కింద ఏముంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బూజు గురించీ, పుట్టగొడుగుల గురించీ ఉన్నాయి. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. అన్ని పాఠాల్లోకీ నాకు ఇష్టమైనది బూజూ పుట్టగొడుగులూ చేరే శిలీంధ్రాల పాఠమే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి ఈ ఉత్తరాలే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పొలం గట్టున పెద్ద పుట్ట ఉంది. ఏటా వానలు పడ్డాక దాని చుట్టూ తెల్లటి పుట్టగొడుగులు లేస్తాయి. కూర భలే రుచిగా ఉంటుంది. ఆ పుట్టమన్ను తెచ్చి పెరట్లో పోసి, రోజూ నీళ్లు చల్లి చూశాను. ఒక్కటీ రాలేదు. ఎందుకని? రాత్రికి రాత్రి అంత పెద్దవి ఎలా లేస్తాయి? ఉరుములకు లేస్తాయని మా నాన్న అంటాడు, నిజమేనా? – ఒక రైతు, సాలూరు

జవాబు: సగం జవాబు మన తెలుగు మాటలోనే ఉందండీ. పుట్ట మీద లేచే గొడుగు కాబట్టి అది పుట్టగొడుగు. మా అమ్మమ్మ ఆ మాట పుట్ట దగ్గర లేచిన వాటికే వాడేది, మిగతావన్నీ ఆమెకు కుక్కగొడుగులే. ఇప్పుడు మనం అన్నిటికీ ఒకే పేరు పెట్టేశాం గానీ, ఆ పాత తేడాలో పెద్ద శాస్త్రమే ఉంది.

పుట్టను కట్టేవి చెదపురుగులు. మన దగ్గర పెద్ద పుట్టలు కట్టే వాటిలో ఒడొంటోటెర్మిస్ అనే జాతి ముఖ్యమైనది. అవి పుల్లా పుడకా, ఎండుటాకూ మోసుకుపోతాయి గానీ, చెక్కలోని గట్టి పదార్థాన్ని పూర్తిగా అరిగించుకోవడం వాటి వల్ల కాదు. అందుకని లోపల వ్యవసాయం చేస్తాయి. చిన్న వయసు పనిపురుగులు పుల్లల పొడిని మింగి, సగం అరిగీ అరగకుండానే బయటికి వదిలి, దాన్ని పేర్చి తోట కడతాయి. ఆ తోటలో టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. చెక్కను మెత్తబరిచే పని దానిది, మెత్తబడ్డాక తినే పని చెదలది. టెర్మిటోమైసిస్ అనే పేరు 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ పెట్టాడు. ఈ పొత్తు మాత్రం ఆఫ్రికా, ఆసియా నేలల్లో దాదాపు 3 కోట్ల ఏళ్లుగా నడుస్తోంది.

నేను ఆ తోటను కళ్లారా చూశాను. మా ఇంటి పునాది తవ్వుతుంటే మేస్త్రీ కేకేసి పిలిచాడు. మోకాలి లోతులో కొబ్బరికాయంత గది. అందులో అక్రోట్ పప్పులా మడతలు మడతలుగా, గోధుమరంగు స్పంజిలాంటి ముద్ద. చేతిలోకి తీసుకుంటే అరచేతికి వెచ్చగా తగిలింది. మడతల మీద గసగసాల కంటే కాస్త పెద్దవి, తెల్లటి గుండ్రటి చుక్కలు. వాటిలోనే శిలీంధ్రపు సిద్ధబీజాలు, అంటే దాని విత్తనాల్లాంటివి, ఉంటాయి. పనిపురుగులు ఆ చుక్కలను తింటాయి, పొట్టలో చావని బీజాలు మళ్లీ కొత్త తోటలో పడతాయి. ఒకసారి వేసిన పంట నుంచే మళ్లీ విత్తనం తీసుకున్నట్టు.

ఆ ముద్దను చెదలన్నీ దులిపి ఒక గాజు సీసాలో పెట్టి, తడిగుడ్డ కప్పి ఉంచాను. రెండు వారాలు తిరక్కుండానే తెల్లని చుక్కలు మాయమై, ముద్ద నిండా సన్నటి నల్లని కాడలు లేచాయి. అది గ్జైలేరియా వర్గం శిలీంధ్రం. తోటలో అది ముందు నుంచే నక్కి ఉంటుంది. చెదలు ఉన్నంతకాలం కలుపు తీసినట్టు దాన్ని తలెత్తనివ్వవు. రైతు లేని చేను ఏమవుతుందో ఆ సీసాలో చూశాను. మీ పెరట్లో జరిగిందీ అదే. మీరు మన్ను తెచ్చారు, తోటా రైతులూ పుట్టలోనే ఉండిపోయారు. మనుషులకు షెడ్డులో ఈ రకాన్ని పండించడం ఇప్పటికీ చేతకాలేదు. ఏటా అక్కడే కోసుకోండి, పుట్టను మాత్రం తవ్వకండి.

ఇక రాత్రికి రాత్రి లేవడం సంగతి. మనకు కనిపించే గొడుగు ఆ జీవికి కాయలాంటిది. అసలు జీవి సన్నటి పోగుల వల. పుస్తకాల్లో శిలీంధ్రజాలం అంటారు. పోగు ఎప్పుడూ కొసనే పెరుగుతుంది, కొమ్మలు వేస్తుంది, పక్క పోగుతో అతుక్కుంటుంది. మొగ్గ నేల కింద నుంచే వేరులాంటి పొడవాటి కాడతో మన్ను చీల్చుకుంటూ పైకి వస్తుంది. ఈసారి పీకకుండా జాగ్రత్తగా తవ్వి చూడండి, కాడ సన్నబడుతూ తోట దాకా దిగుతుంది. మొగ్గలో కణాలన్నీ ముందే తయారై ఉంటాయి. తడి దొరకగానే అవి నీళ్లు తాగి ఉబ్బుతాయి. పుట్టగొడుగులో సుమారు 90 శాతం నీళ్లే. చాలా రోజుల పనిలో చివరి ఘట్టం మాత్రమే ఆ రాత్రి జరుగుతుంది.

తొలకరికి పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి కదా. అవి రెక్కలు రాల్చి, జతకట్టి కొత్త కాపురాలు పెడతాయి. ఆ కాపురంలో మొదటి పిల్లలు మేతకు బయటికి వచ్చే వేళకు ఇక్కడ గొడుగులు విచ్చుకుని సిద్ధబీజాలు రాలుస్తాయి. చాలా రకాల్లో కొత్త పుట్టకు విత్తనం అలా అందుతుంది. మృగశిరలో ఉసిళ్లు, ఆ తర్వాత వానల్లో గొడుగులు అనే వరస వెనక ఉన్న లెక్క ఇదే.

మీ నాన్నగారి మాటను కొట్టిపారేయను. జపాన్‌లో ఇవాతె విశ్వవిద్యాలయం వాళ్లు షీటాకే అనే పుట్టగొడుగులు పెరిగే దుంగలకు క్షణంలో వెయ్యో వంతు కూడా లేనంతసేపు హై వోల్టేజీ తాకిస్తే దిగుబడి పెరిగింది. కానీ అది చెక్క మీద పెరిగే రకం. మీ పుట్ట విషయంలో ఉరుముతో పాటు వచ్చే వానకే నా ఓటు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పుట్ట పక్కన లేచిందల్లా పుట్టగొడుగు కాదు. వానలకు గడ్డిలో తెల్లగా, పెద్దగా లేచే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే రకం ఉంది. లేతగా ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉంటుంది, ముదిరితే కింది రేకులు ఆకుపచ్చగా మారతాయి. తిన్న కొన్ని గంటలకే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వెల్లుల్లి నల్లబడితే విషం, వెండి చెంచా నల్లబడితే విషం లాంటి పరీక్షలు ఏవీ పనికిరావు. చిన్నప్పటి నుంచీ మీరు కోస్తున్న రకమైతేనే కోయండి. అనుమానం వస్తే అక్కడే వదిలేయండి.

ప్రశ్న: ఆవకాయ జాడీలో పైన బూజు పట్టింది. పైపైన తీసేసి, నూనె కాచి పోస్తే సరిపోతుందని మా అత్తగారు అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. – ఒక గృహిణి, తెనాలి

జవాబు: ముందు చెంచాతో కదపకుండా బాగా చూడండమ్మా. పలుచగా, తడిగా, నున్నగా పొరలా ఉంటే అది ఈస్టు కావచ్చు. దూదిలా లేచి, ఆకుపచ్చగానో, నల్లగానో, పసుపుగానో పొడి కనిపిస్తే అది బూజే. ఆ రంగు పొడి సిద్ధబీజాలు. అవి కనిపించాయంటే పోగులు అప్పటికే ముక్కల్లోకి దిగిపోయాయన్నమాట. మనం తిన్నాక అరిగించుకుంటాం. బూజు తన రసాలను ముందు ముక్క మీదికి వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. పైన తీసేసినా ఆ రసాలూ, ఒక్కోసారి విషాలూ కిందే ఉంటాయి. దూది బూజైతే పారేయండి. కొత్త మామిడికాయ, కొత్త ఆవపిండి, మీ చేతి కష్టం... ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. అయినా పారేయమనే చెబుతాను.

మీ అత్తగారి మాటలో నూనె సంగతి మాత్రం నిజం. బూజుకు గాలి కావాలి. ముక్కలు మునిగేలా పైన నూనె నిలిస్తే ఊపిరాడదు. ఉప్పు దాని నీళ్లు లాగేస్తుంది. జాడీ పాడయ్యేది చాలావరకు తడి గరిటె వల్ల, ముక్కలు సరిగ్గా తుడిచి ఆరబెట్టకపోవడం వల్ల.

మీరు ఆవకాయ గురించి అడిగారు గానీ, నాకు అంతకంటే దిగులు వేరుశనగ గుళ్ల గురించి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి ఉంది, దానికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టింది. అది తయారుచేసిన విషానికి బూజు పేరులోని అక్షరాలతోనే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రోజూ కొంచెం కొంచెంగా పోతూ ఉంటే కాలేయ క్యాన్సర్ దాకా తెస్తుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. అందుకని ముడుచుకున్న గుళ్లు, రంగు మారినవి, నమిలితే చేదుగా తగిలినవి ఏరి పారేయండి. చట్నీలో కలిసిపోతుందిలే అనుకోవద్దు. పండించేవాళ్లైతే కాయలో తేమ 8 శాతం దగ్గరికి వచ్చేదాకా ఎండబెట్టాకే బస్తాలకెత్తండి.

ప్రశ్న: హాస్టల్లో ఉంటున్నాను. తొడ మీద తామర గుండ్రంగా పాకుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే తగ్గి, మళ్లీ వస్తోంది. గుండ్రంగానే ఎందుకు వస్తుంది? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఒక చోట పడ్డ బీజం నుంచి పోగులు అన్ని వైపులా ఒకే తీరుగా పాకుతాయి బాబూ, అందుకే వలయం. చర్మం పైపొరలోని కెరటిన్ అనే ప్రోటీన్ దాని తిండి. మధ్యలో నీ ఒంటి రోగనిరోధక శక్తి దాన్ని అణిచేస్తుంది కాబట్టి అక్కడ మామూలుగా కనిపిస్తుంది. అంచున ఎర్రగా ఉన్నచోట శిలీంధ్రం పెరుగుతోందని అర్థం. నీకిచ్చినది స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ అయి ఉండొచ్చు. అది ఆ ఎరుపునూ దురదనూ తగ్గిస్తుంది గానీ, శిలీంధ్రాన్ని కాదు. నీ ఒంటి కాపలాను నిద్రపుచ్చి దానికి దారి ఇస్తుంది. ఆ ట్యూబు ఆపేసి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లు. తగ్గిందనిపించినా ఆయన చెప్పినన్ని వారాలు మందు వాడు. తువ్వాలు ఎవరితోనూ పంచుకోవద్దు.

ప్రశ్న: మా డ్వాక్రా గ్రూపు వాళ్లం ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాం. ఈసారి కాడలు జానెడు పొడవు, గొడుగులేమో గుండీలంత వచ్చాయి. గడ్డి నింపిన బెడ్లలో నాలుగింటికి ఆకుపచ్చ బూజు కూడా పట్టింది. స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం, మంచిది కాదా? – గ్రూపు సభ్యులు, సిద్దిపేట

జవాబు: స్పాన్‌ను అనుమానించే ముందు గది తలుపు తీయండి. పోగులు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. గాలి ఆడని గదిలో అది పేరుకుంటే, మొగ్గ తానింకా చెక్క తొర్రలోనే ఉన్నాననుకున్నట్టు కాడను సాగదీస్తుంది. స్వచ్ఛమైన గాలి తగిలాకే గొడుగు విప్పుతుంది. వెలుతురు చాలకపోయినా ఇంతే. పోగులు అల్లుకునేటప్పుడు చీకటి, మూసిన గది మంచివే. మొగ్గలు కనిపించాక మాత్రం రోజుకు రెండు మూడు సార్లు గాలి మార్చండి. పేపరు చదవగలిగేంత వెలుతురు ఉండాలి.

ఆ ఆకుపచ్చ బూజు ట్రైకోడెర్మా. ఆ పేరు వినే ఉంటారు. మీ ఇళ్లలో మగవాళ్లు ఎండుతెగులుకు 90 కిలోల పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి నీడలో మాగబెట్టి చల్లుతారే, దాని కులందే ఇది. 1932లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త ఇది వేరే శిలీంధ్రాలకు చుట్టుకుని వాటినే తింటుందని రాశాడు. పక్కవాడి పోగు కనిపిస్తే తాడులా చుట్టుకుని, దాని గోడను కరిగించే రసాలు వదిలి పీల్చేస్తుంది. చేనులో అది తినేది తెగులు కలిగించే శిలీంధ్రాన్ని. మీ షెడ్డులో తినేది మీరు పెంచుతున్న శిలీంధ్రాన్ని. దానికి ఆ తేడా తెలియదు.

గడ్డి సరిగ్గా ఉడకకపోయినా, నీళ్లు పిండకుండా నింపినా అది ముందు పాతుకుపోతుంది. పిడికిట్లో గడ్డి నొక్కితే చెయ్యి తడవాలి, చుక్క రాలకూడదు. పట్టిన బెడ్లను అక్కడ విప్పకుండా, కవరుతో సహా దూరంగా తీసుకెళ్లి పూడ్చేయండి. చేలో ట్రైకోడెర్మా చల్లి వచ్చినవాళ్లు ఆ చేతులతో, ఆ బట్టలతో షెడ్డులోకి రావద్దు. ఇంకొకటి, గొడుగు అంచులు పైకి లేవకముందే కోయండి. ముదిరితే గదంతా బీజాలు పొగలా కమ్ముతాయి. రోజూ పీలిస్తే దగ్గు, ఆయాసం వస్తాయి. మాస్కు లేకుండా ఎవరూ లోపలికి వెళ్లొద్దమ్మా.

ప్రశ్న: పుట్టగొడుగు శాకాహారమా, మాంసాహారమా? మా ఇంట్లో రోజూ గొడవే. దానికి విత్తనాలు ఉంటాయా? – 8వ తరగతి విద్యార్థి, మదనపల్లె

జవాబు: ఆ గొడవ శాస్త్రవేత్తల ఇంట్లోనూ చాలాకాలం నడిచింది నాన్నా. మేం చదువుకునే రోజుల్లో వీటిని మొక్కల పాఠంలోనే కలిపి చెప్పేవాళ్లు. 1969లో విట్టేకర్ అనే ఆయన జీవులను అయిదు రాజ్యాలుగా విడదీసి, శిలీంధ్రాలకు సొంత రాజ్యం ఇచ్చాడు. వీటికి పత్రహరితం లేదు. వీటి కణాల గోడ కైటిన్‌తో కట్టింది, రొయ్య పెంకులో ఉండేదీ అదే. మిగిలిన తిండిని మనలాగే గ్లైకోజెన్ అనే పిండిపదార్థంగా దాచుకుంటాయి. చుట్టరికం చూస్తే మొక్కల కంటే జంతువులకే దగ్గర. అయినా అది జంతువు కాదు, మొక్కా కాదు. కాబట్టి మీ ఇంట్లో ఇద్దరూ ఓడిపోయినట్టే, లేదా ఇద్దరూ గెలిచినట్టే. తినాలో వద్దో అమ్మను నిర్ణయించమను.

విత్తనాల సంగతి నువ్వే చూడు. బజారులో ముత్యపుచిప్ప పుట్టగొడుగు దొరికితే ఒకటి తీసుకుని, కాడ కోసెయ్. నల్ల కాగితం మీద రేకులు కిందికి వచ్చేలా గొడుగును బోర్లించి, పైన గాజు గ్లాసు మూసి రాత్రంతా కదపకుండా వదిలెయ్. పొద్దున్నే గ్లాసు తీసి, గొడుగును నిట్టనిలువుగా పైకెత్తు. రేకుల మధ్య సందులెన్ని ఉన్నాయో అన్ని గీతలు, సున్నంలాంటి సన్నటి పొడితో కాగితం మీద అచ్చుపడి ఉంటాయి. ఊదకుండా, ముట్టుకోకుండా భూతద్దం పెట్టి చూడు. ఏ రంగులో కనిపించాయో నాకు రాసి పంపు.